చుట్టూ ఇరవై రెండు

తాళం బయటినుంచి పడింది. టైము రాత్రి ఒంటిగంటా ఇరవై.

కాటా గదిలో ఇద్దరు ఆడవాళ్ళు ఇరుక్కుపోయారు. ఒకామె గీతలక్క. పన్నెండేళ్ళ కిందటి దాకా ఇదే విత్తనాల గోడౌన్‌లో బస్తాకి ఒక గీత చొప్పున కాగితం మీద గీసి లెక్క తేల్చిన మనిషి. కూలీలకి యూనియన్ పెట్టిందని గేటు బయటికి గెంటేశారు. ఆ రోజు నుంచీ పోలీసులు మొహం తిప్పుకున్న కేసులు పట్టుకుని తిరుగుతోంది. బోర్డు లేదు, ఆఫీసు లేదు, చదువు అయిదో క్లాసు. కానీ ఆమె లెక్క తప్పిందన్న మగాణ్ణి ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

రెండో మనిషి కాటా గుమస్తా భార్య. బట్టలు కుట్టుకుని బతికే పిల్ల. చంకలో ఒక నీలం గుడ్డ మడత పెట్టుకుని, తాళం వేసిన తలుపు వైపే చూస్తోంది.

బస్తాలు తూచాక చీటీలు అందించే చిన్న కిటికీ ఒకటుంది ఆ గదికి. చెయ్యి పడుతుంది, తల పట్టదు. అందులోంచి సెక్యూరిటీ ఆఫీసరు మొహం సగం కనిపించింది. మెడలో ఈల. కూలీలు వెనకాల ఈలసారు అంటారు.

"పోలీసులు వచ్చేదాకా ఇక్కడే ఉండండి. గేటులోపల అడుగు పెట్టొద్దని మీకు పన్నెండేళ్ళ కిందటే నోటీసు ఇచ్చాం, డిటెక్టివ్ గారూ."

"మమ్మల్ని బంధిస్తావా?"

"బంధించడం కాదు. మీ భద్రత కోసమే."

"కోడిని బుట్ట కింద పెట్టినవాడు కూడా అదే అంటాడు."

"మీ గుమస్తా గోడ దూకి పారిపోయాడు. రేపు పదింటికి, పోయిన నెల చావుల మీద విచారణలో నోరు విప్పమంటే మాట రాక పారిపోయాడు. మీరొచ్చి ఇక్కడ నాటకం ఆడుతున్నారు."

"నాటకమా? పన్నెండూ ఇరవైకి ఫోన్ చేసింది ఎవరు మరి, నీ తాతా?"

గుమస్తా ఎనిమిదిన్నర తర్వాత ఇంటికి రాలేదు, గేటు దాటలేదు. పన్నెండూ ఇరవైకి భార్యకి ఫోన్ వచ్చింది. నిమిషం కూడా లేదు, చార్జి చచ్చిపోయింది. ఎవరో వెనకనుంచి తలమీద కొట్టారట. మెలకువ వచ్చేసరికి చిమ్మచీకట్లో బస్తాల పక్కన పడి ఉన్నాడట. ఒక కాలు కదలడం లేదట. ఏ గదో తెలియదట.

ఈ గోడౌన్‌లో బస్తాలు పేర్చి మూసిన గదులు అయిదు. మూడు గంటలకు ఆ అయిదింటిలోకీ గొట్టంలోంచి గ్యాస్ వదులుతారు, విత్తనాల్లో పురుగు చావడానికి. పురుగుకీ మనిషికీ తేడా తెలిసిన గ్యాస్ కాదది.

"అయిదు తలుపులూ తీస్తే నీ సొమ్మేం పోతుంది?" అంది గీతలక్క.

"ప్రతి తలుపు మీదా మేనేజరు సంతకం పెట్టిన సీలు పట్టీ ఉంది. ఓడెక్కాల్సిన సరుకు. సీలు చిరిగితే ఆ గది సరుకంతా వెనక్కొస్తుంది. అయినా తలుపులు బాదించాను. ఎవరూ పలకలేదు."

"మూరెడు మందం గోడలు. పక్కనే బ్లోయర్ మోత. నీ ఈల నీకే వినపడదు అక్కడ. లోపల పడున్నవాడి మూలుగు వినపడుతుందా?"

ఆఫీసరు చేతి గడియారం చూసుకున్నాడు. "మీ మనిషి లోపలే ఉంటే ఏ గదిలో ఉన్నాడో చెప్పండి. రుజువుతో చెప్పండి. అప్పుడు మేనేజరుతో మాట్లాడతాను."

"గ్యాస్ మేస్త్రీని పంపు ముందు."

మేస్త్రీ వచ్చాడు. గదులు మూసేదీ, గ్యాస్ వదిలేదీ, అయిదో రోజు తలుపు తెరిచేదీ అతనే. ముసుగు మెడలో వేలాడుతోంది, నడుముకి తాళాల గుత్తి, చేతికి ఎండిన జిగురు. గీతలక్క ఇక్కడ పని చేసిన రోజుల్లో యూనియన్‌లో ఆమె పక్కన నిలబడి దెబ్బలు తిన్నవాడు. కిటికీలో మొహం పెట్టగానే కళ్ళు తడి చేసుకున్నాడు.

"అక్కా! ఎన్నాళ్ళకి! నువ్వు లేని గోడౌన్ గంట లేని బడిలా ఉంది."

"పొగడ్తలు తర్వాత, తమ్ముడూ. ఇవాళ తలుపులు ఎప్పుడెప్పుడు మూశావు?"

"ఒకటి ఏడూ పదికి. రెండు ఏడూ ముప్పై అయిదుకి. మూడు ఎనిమిదింటికి. నాలుగు తొమ్మిదికి పది నిమిషాల తక్కువకి. అయిదు తొమ్మిదింబావుకి."

"మూడుకీ నాలుగుకీ మధ్య అంత ఎడం ఎందుకు?"

"తలుపు రబ్బరు చిరిగితే మార్చాను."

"మూసేముందు లోపలికి వెళ్ళి చూస్తావా?"

"గుమ్మంలో నిలబడి మూడు కేకలేస్తాను. ఎవరూ పలక్కపోతే మూస్తాను."

"తల పగిలి పడున్నవాడు పలుకుతాడట్రా?"

"అదీ నిజమే," అన్నాడు మేస్త్రీ.

"గుమస్తాని ఆఖరుసారి ఎప్పుడు చూశావు?"

"ఎనిమిదిన్నరకి, టీ తాగుతుంటే. తర్వాత చూళ్ళేదు. వాచ్‌మన్ మాత్రం ఎనిమిదీ నలభైకి నాలుగో గది ముందు చూశాట్ట."

"మూడింటికి గ్యాస్ ఆపుతావా?"

"నా చేతిలో ఉంటే ఇప్పుడే ఆపనూ! ఈలసారు రాసిస్తే ఆపుతాను. రాయకపోతే నా ఉద్యోగం ఊడుతుంది." గొంతు తగ్గించాడు. "యూనియన్ కార్డు ఇంకా నా జేబులోనే ఉంది, అక్కా. నీకేం కావాలన్నా కిటికీలోంచి కేకెయ్యి. యార్డులోనే ఉంటాను."

వెళ్ళిపోయాడు. ఈ ఇనప గోడల మధ్య మనోడంటూ ఒకడున్నాడని గీతలక్క గుండె కాస్త కుదుటపడింది. టైము ఒంటిగంటా ముప్పై రెండు.

ఇక గది వెతకడం మీద పడింది. గుమస్తా రోజూ కూర్చునే గది. కాటా పళ్ళెం మీద రాళ్ళు వరసగా పేర్చి ఉన్నాయి. కుర్చీ సరిగ్గా బల్ల కిందికి తోసి ఉంది. టీ గ్లాసు కడిగి బోర్లించి ఉంది. దెబ్బ ఇక్కడ తగల్లేదు. పెనుగులాట జరిగిన గదిలో ఏ గ్లాసూ బోర్లించి ఉండదు. బల్ల సొరుగులో పోయిన నెల కేలండరు కాగితం దొరికింది. మూడో తారీఖు చుట్టూ ఒక సున్న, ఏడో తారీఖు చుట్టూ ఒక సున్న. పక్కన చిన్న అక్షరాల్లో "5?" అని రాసి, దాని కింద రెండు గీతలు కొట్టాడు.

"ఏమిటక్కా అది?" అంది దర్జీ పిల్ల.

"మీ ఆయన రేపు విచారణలో చెప్పబోయే మాట ఇదేనమ్మా. పోయిన నెల గ్యాస్ గదిలోకి వెళ్ళి ఇద్దరు కూలీలు చనిపోయారు కదా. గ్యాస్ వదిలాక నిండా అయిదు రోజులు తలుపు ముట్టకూడదు. గది తలుపు కార్డు మీద అయిదు రోజులయిందని రాశారు. మూడున మూశారు, ఏడున తెరిచారు. ఏడులోంచి మూడు తీస్తే ఎంత?"

"నాలుగు."

"కంపెనీ ఒక రోజు మింగేసింది. ఓడ వెళ్ళిపోతుందని తొందర. ఇద్దరు మనుషులు చచ్చారు, వాళ్ళే తెలివితక్కువగా దూరారని రాసిపడేశారు. ఇది చెప్పబోయినవాణ్ణి ఇప్పుడు అదే చావుకి తోశారు." ఆమె కాగితం మడిచి రవికలో దోపుకుంది. "ఆ ఈలగాడి సంగతి తర్వాత చూస్తాను. నీ గుడ్డ ఇలా పరుచు."

నీలం గుడ్డ ఎవరి చొక్కాకో కత్తిరించబోతున్నది. ఫోన్ వచ్చినప్పుడు చేతిలో సుద్ద ఉంది. వినపడింది వినపడినట్టు గుడ్డ మీదే రాసేసింది. చుట్టూ 22. పైది అందదు. కాలు.

"మాటలు మాటలుగా చెప్పు. ఏమన్నాడు?"

"'చీకట్లో పాక్కుంటూ దొంతర చుట్టూ తిరిగాను. నాలుగు వైపులా ముట్టుకుని లెక్కపెడితే ఇరవై రెండు బస్తాలు. ఒంటికాలి మీద లేచి చెయ్యి చాపాను, పై బస్తా అందట్లేదు. గీతలక్కకి చెప్పు, ఆమెకి అర్థమవుతుంది.' అంతే. తెగిపోయింది." పిల్ల కళ్ళు తుడుచుకుంది. "చావబోయేవాడు భార్యతో చెప్పాల్సిన మాటలేనా అక్కా అవి? బస్తాలట!"

"బతకాలనుకునేవాడు చెప్పే మాటలమ్మా అవి. ఏడవకు. ఆ మేకుకున్న కాగితాలు అందుకో."

గోడ మేకుకి అయిదు కాగితాలు గుచ్చి ఉన్నాయి, గదికొకటి. నిండా గీతలు. కొత్తవాడికి అవి కోడి కెలికిన దుమ్ములా కనిపిస్తాయి. ఈ పని చేసే ఆడవాళ్ళకి ఒక పద్ధతుంది. బస్తా లోపలికి వెళ్తే ఒక గీత. కింది నుంచి పైకి ఒక్కో వరస నిండగానే ఒక సున్న. ఆఫీసువాళ్ళకి మొత్తం ఎన్ని బస్తాలో ఒక్కటే కావాలి. సున్నల్ని ఎవరూ చూడరు. గీతలక్క సున్నలే చూసింది.

ఒకటో గది కాగితం మీద పన్నెండు సున్నలు. రెండో గదికి పది. మూడుకి ఆరు. నాలుగుకి ఎనిమిది. అయిదుకి అయిదు.

ఆమె బల్లమీద సుద్దతో ఏదో గీసింది, చెరిపింది, మళ్ళీ గీసింది. పెదాలు కదుల్తున్నాయి. ఒంటిగంటా యాభైకి గీతలక్క గుప్పిటతో తలుపు బాదింది.

"ఈలసారూ! రుజువు కావాలన్నావుగా, రా!"

ఆఫీసరు తాళం తీసి, ఇద్దరు గార్డుల్ని గుమ్మంలో నిలబెట్టి లోపలికొచ్చాడు.

"చెప్పండి. రెండు నిమిషాలు."

"ఒక్కో గదిలో ఎన్ని బస్తాలు?"

"రెండు వందల నలభై. అన్నిట్లోనూ అంతే. ఆ మాత్రం నాకూ తెలుసు."

"అయితే వేళ్ళు మడుచుకో. దొంతరకి నాలుగు వైపులు. రెండు పొడుగు, రెండు వెడల్పు. నాలుగూ కలిపితే ఇరవై రెండు. అంటే ఒక పొడుగూ ఒక వెడల్పూ కలిపితే?"

"పదకొండు."

"పర్వాలేదు, బళ్ళో పడుకోలేదన్నమాట. ఇప్పుడీ కాగితాలు చూడు. ఒకటో గదిలో పన్నెండు వరసల ఎత్తు. రెండొందల నలభైని పన్నెండుతో పంచితే వరసకి ఇరవై బస్తాలు. ఇరవైని పొడుగూ వెడల్పుగా పరిస్తే అయిదూ నాలుగూ, లేదా పదీ రెండూ. తొమ్మిదవుతుంది, పన్నెండవుతుంది, పదకొండు కాదు. ఒకటో గది పోయింది. మూడో గదిలో వరసకి నలభై. ఎనిమిదీ అయిదూ వేసినా పదమూడు, అంతకు తగ్గదు. పోయింది. అయిదో గదిలో వరసకి నలభై ఎనిమిది. ఎనిమిదీ ఆరూ, పద్నాలుగు. అదీ పోయింది."

ఆఫీసరు మొహంలో వెటకారం కొంచెం కొంచెంగా ఇంకిపోతోంది. "రెండూ నాలుగూ?"

"రెండో గదిలో పది వరసలు. వరసకి ఇరవై నాలుగు. ఎనిమిదీ మూడూ పదకొండు. నాలుగో గదిలో ఎనిమిది వరసలు. వరసకి ముప్పై. ఆరూ అయిదూ అదీ పదకొండే. మా మనిషి రెండులో ఉన్నాడు, కాకపోతే నాలుగులో ఉన్నాడు. మూడో దారి లేదు."

ఆఫీసరు ఆ సుద్దగీతల్ని వేలితో లెక్కపెట్టి చూసుకున్నాడు. తర్వాత యార్డులోకి నడిచి ఫోన్ చేశాడు. అవతలినుంచి అరుపులు గదిలోకి కూడా వినపడ్డాయి. తిరిగొచ్చేసరికి రెండూ అయిదు.

"మేనేజరు ఒక్క తలుపుకి ఒప్పుకున్నాడు. ఒక్కటే. అందులో లేకపోతే మూడింటికి గ్యాస్ ఆగదు, మీ ఇద్దరూ పోలీసుల జీపు ఎక్కుతారు."

"ఒక్కటి చాలు. రెండో గది తియ్యి."

"నాలుగు."

"రెండంటున్నానా!"

"వాచ్‌మన్ ఎనిమిదీ నలభైకి నాలుగో గది ముందు చూశాడు. పది నిమిషాలకి ఆ తలుపు మూశారు. రెండో గది మూసింది ఏడూ ముప్పై అయిదుకి. మూసిన గంట తర్వాత మనిషి అందులోకి ఎలా వెళ్తాడు? తలుపు సందులోంచి పొగలా దూరాడా?"

గీతలక్క దర్జీ పిల్ల వైపు తిరిగింది. ఇంకో లెక్క మిగిలే ఉంది. "అమ్మాయ్, మీ ఆయన చెయ్యి ఎత్తితే ఎంత ఎత్తు అందుతుంది?"

"మా కొట్లో పై అర ఆరున్నర అడుగులుంటుంది. దారాల డబ్బా స్టూలు లేకుండానే తీసిస్తాడు," అంది పిల్ల వెంటనే.

"విన్నావా? పడుకోబెట్టిన బస్తా జానెడు మందం. ఎనిమిది వరసలంటే ఎనిమిది జానలు, ఆరడుగులు. నాలుగో గదిలో ఉంటే పై బస్తా చేతికి తగలాలి. తగల్లేదన్నాడు. పది జానలంటే ఏడున్నర అడుగులు. అది రెండో గది."

"కాలు విరిగినవాడు చీకట్లో ఎంత నిలబడ్డాడో, ఎంత చాపాడో నీకేం తెలుసు? జాకెట్ల కొలతలు పట్టుకుని కంపెనీ సీలు తియ్యమంటావా?" ఆఫీసరు కూడా 'మీరు' నుంచి 'నువ్వు'లోకి దిగిపోయాడు. "నాకు కళ్ళతో చూసిన సాక్షి ఉన్నాడు. నీకు సుద్దముక్క ఉంది."

"నీ సాక్షి గది బయట చూశాడు. నా సాక్షి గది లోపలున్నాడు!"

"అరవకు."

"అరుస్తాను. పోయిన నెల ఇద్దరు చచ్చినప్పుడూ నువ్వు అరవొద్దనే అన్నావు. మేనేజరు అనే ఒక మనిషి ఫోన్‌లో ఒక్కటి అన్నాడని మనిషి ప్రాణానికి ఒక్కటే తలుపా? రెండూ తియ్యి. నీ ఉద్యోగం పోతే నేనొచ్చి నీ ఇంటి ముందు టెంటు వేసి కూర్చుంటాను, మళ్ళీ ఇచ్చేదాకా!"

గార్డుల్లో ఒకడు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆఫీసరు ఈల నోట్లో పెట్టుకుని, ఊదకుండానే తీసేశాడు. "ఆమెని తీసుకురండి, మొగుడు ఉన్నాడో లేడో కళ్ళారా చూసుకుంటుంది. ఈవిడ ఇక్కడే ఉంటుంది."

దర్జీ పిల్ల గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూసింది. గీతలక్క ఏదో అనేలోగా తలుపు మూసుకుంది. తాళం మళ్ళీ పడింది. రెండూ పద్దెనిమిది.

నాలుగో గది తలుపు ఊడదీసి, గాలి మార్చి, దొంతర చుట్టూ వెతికి, లేడని తేల్చుకోవడానికి అరగంట. అప్పటికి మూడుకి పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఈలసారుకి బుద్ధి రావాలి, మేనేజరు ఫోన్ ఎత్తాలి, ఒప్పుకోవాలి. ఈ మూడూ జరుగుతాయని నమ్మేంత అమాయకురాలు కాదు గీతలక్క. కిటికీకి మొహం ఆనించి అరిచింది.

"తమ్ముడూ!"

యార్డు మధ్యలోంచి మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. బ్లోయర్ అవతల ఇంతసేపూ గొట్టాలు బిగిస్తున్నట్టుంది, చేతులకి గ్రీజు.

"తాళం తియ్యి. ఒక తలుపు తియ్యాలి మనం. ఎవడికీ చెప్పొద్దు."

ఎందుకని అడగలేదు మేస్త్రీ. గుత్తిలో తాళంచెవి వెతికాడు. గ్యాస్ పని చేసేవాడి దగ్గర ప్రతి తలుపు తాళమూ ఉండాలి, అది రూలు. తలుపు తెరుచుకోగానే గీతలక్క బయటపడింది. మేస్త్రీ అప్పటికే ముందు నడుస్తున్నాడు, చేతిలో పట్టీలు కోసే చాకు.

యార్డు దాటితే దారి రెండుగా చీలుతుంది. కుడివైపు బ్లోయర్ వెనక నాలుగూ అయిదూ గదులు. అక్కడ ఈలసారు, గార్డులు, దర్జీ పిల్ల. ఎడమవైపు ఒకటీ రెండూ మూడూ. అక్కడ మనిషి లేడు. మేస్త్రీ ఎడమవైపు తిరిగాడు. గీతలక్క వెనకే పరుగులాంటి నడక నడిచింది. మోకాళ్ళు కలుక్కుమంటున్నాయి. ఒకటో గది తలుపు దాటుతూ సీలు పట్టీ మీద చెయ్యి వేసింది, పాత అలవాటు. ఎండి, అంచులు లేచి, అప్పడంలా కరకరలాడుతోంది.

మేస్త్రీ రెండో తలుపు ముందు ఆగాడు. చాకు మొన పట్టీ కింద దూర్చాడు.

గీతలక్క ఆ పట్టీ కూడా ముట్టుకుంది. మెత్తగా, తడిగా ఉంది. వేలికి జిగురు అంటుకుంది.

ఏడూ ముప్పై అయిదుకి అంటించిన పట్టీ. ఏడు గంటలు కావస్తోంది. పక్క తలుపు మీదది ఎండిపోతే ఇది ఎందుకు ఎండలేదు? ఈ తలుపు మళ్ళీ తెరిచారు. మళ్ళీ అంటించారు. మేనేజరు ముందే సంతకాలు గిలికి పడేసిన పట్టీలు ఎవరి దగ్గర కట్టలు కట్టలుగా ఉంటాయి? జిగురు డబ్బా ఎవరిది?

పట్టీ రెండుగా తెగింది. గడియ ఊడింది. తలుపు జానెడు తెరుచుకుని లోపలి చీకటి, విత్తనాల వాసన, ఒక మనిషి మూలుగు బయటికొచ్చాయి.

"తమ్ముడూ," అంది గీతలక్క. "ఏ తలుపో నేను చెప్పలేదు."

మేస్త్రీ చాకు పట్టుకున్న చెయ్యి ఆగింది.

"చుట్టూ ఎన్ని బస్తాలో నీకు చెప్పలేదు. సున్నలు చూపించలేదు. వాడికి ఎంత అందిందో చెప్పలేదు. ఈ తలుపు దగ్గరికి రావడానికి నాకు మూడు లెక్కలు పట్టాయి. నీకు ఒక్కటీ పట్టలేదే!"

మేస్త్రీ తల తిప్పి చూశాడు. కోపంగా లేదు. బాగా అలిసిపోయినవాడి మొహం. "నువ్వు రాకుండా ఉండాల్సిందక్కా."

"ఒరే, వాడు నీకేం చేశాడురా?"

"రేపు చెప్పేస్తానన్నాడు. మంచిగా అడిగాను. కాళ్ళు పట్టుకున్నాను. 'లెక్క లెక్కే మేస్త్రీ' అన్నాడు. వెనక్కి తిరిగి నడిచాడు. చేతిలో రెంచి ఉంది... పదకొండింటికి యార్డు ఖాళీ అయ్యాక ఇక్కడికి ఈడ్చుకొచ్చాను." ఊపిరి పీల్చాడు. "చంపాలనుకోలేదు. ఆ ఇద్దర్నీ కూడా. కంపెనీ తొందర పెట్టలేదక్కా. ఎవరూ చెప్పలేదు. నేనే తెరిచాను. అయిదు రోజులయిందనే తెరిచాను."

"మూడు నుంచి ఏడుకి అయిదెలా అవుతాయిరా!"

మేస్త్రీ ఎడం చెయ్యి ఎత్తి వేళ్ళు మడిచాడు. "మూడు. నాలుగు. అయిదు. ఆరు. ఏడు."

"మూసిన రోజు ఎలా కలుపుతావు? అది నిండు రోజు కాదు కదా!"

"ఎలా కలుపుతానా?" అతను నవ్వాడు, ఏడుపు కన్నా అన్యాయంగా. "నువ్వే కదా కలిపించావు."

గీతలక్కకి గేటు ముందు చేసిన సమ్మె గుర్తొచ్చింది.

పన్నెండేళ్ళ కిందట, గదులు మూసే రోజు మధ్యాహ్నానికే పని అయిపోతుందని కంపెనీ ఆ రోజు హాజరు వేసేది కాదు. పద్దెనిమిది రోజులు గేటు ముందు కూర్చున్నారు. ఖాళీ డ్రమ్ము ఎక్కి అరిచింది ఆమే. మూసిన రోజూ రోజే! మూడొందల గొంతులు ఆమె వెనక అరిచాయి. గెలిచారు. అన్నిటికన్నా గట్టిగా అరిచిన గొంతు ఇప్పుడు ఎదురుగా చాకు పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత ఈ గోడౌన్‌లో అందరూ అన్నీ అలాగే లెక్కపెట్టారు. సెలవులు, వంతులు, మందులు వేసుకునే రోజులు. హాజరు కోసం గెలుచుకున్న లెక్క గ్యాస్ దగ్గరికి కూడా నడిచొచ్చింది. ఇది హాజరుకేరా, చావుకి కాదురా అని ఎవరూ విడమరిచి చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి గేటు బయట ఉంది.

"పన్నెండేళ్ళుగా అట్లాగే తెరుస్తున్నాను," అన్నాడు మేస్త్రీ. "ఎప్పుడూ ఏమీ కాలేదు. తెరిచినప్పుడల్లా గాలి బాగా వీచేది. పోయిన నెల గాలి లేదు. అంతే. నీ లెక్కేనక్కా, నేనేం మార్చలేదు. ఆ మాట రేపు విచారణలో చెప్పమంటావా? గీతలక్క నేర్పిన లెక్కకి ఇద్దరు చచ్చారని? చెప్పనా?"

ఆమె చూపు ఆ మడిచిన అయిదు వేళ్ళ మీదే ఉండిపోయింది. అతనికి ఆ ఒక్క క్షణం చాలు. రెండు చేతులతో తోశాడు. గీతలక్క వీపు బస్తాలకి తగిలి నేలమీద పడింది. లేచి తలుపు అందుకోబోయింది. వెలుతురు జానెడు నుంచి బెత్తెడు, బెత్తెడు నుంచి గీత. తర్వాత గీత కూడా లేదు.

గడియ పడిన చప్పుడు గోడలోంచి అరికాళ్ళకి తెలిసింది. ఆమె తలుపు బాదింది. అరిచింది. ఈలసారుని పిలిచింది, దర్జీ పిల్లని పిలిచింది, బతికున్న ప్రతివాణ్ణీ పిలిచింది. బయట బ్లోయర్ మోత, లోపల తన గొంతు తనకే తిరిగొచ్చింది.

"ఎవరు?" కింద, కుడివైపు నుంచి, పొడి గొంతు.

"గీతలక్కని, నాయనా."

చీకట్లో పాకుతున్న చప్పుడు. చల్లటి చెయ్యి ఒకటి ఆమె కాలు పట్టుకుంది. "వచ్చావా అక్కా! లెక్క అర్థమైందన్నమాట." కాటా గుమస్తా గొంతులో సంతోషం. ఆ సంతోషం వినలేక ఆమె కళ్ళు మూసుకుంది, ఆ చీకట్లో మూసినా తెరిచినా ఒకటే అయినా. "మనవాళ్ళు బయటున్నారా? తలుపు ఎందుకు మూశారు?"

"ఉన్నారు. వస్తారు." ఆమె అతని పక్కన కూర్చుని, కొంగు చింపి అతని చేతిలో పెట్టింది. "ముక్కూ నోరూ కట్టుకో, గట్టిగా."

"ఇప్పట్నుంచా? మూడయిందా అక్కా?"

"లేదు. ఇంకా అరగంట ఉంది."

తలపైన, ఎక్కడో కప్పు దగ్గర, ఇనప గొట్టం ఒకసారి దగ్గింది. తర్వాత సన్నగా ఊదడం మొదలుపెట్టింది.